చిమ్మెటకు నోరు లేదు... మీకు తెలుసా?

శివరాత్రికి చలి ‘శివ శివా’ అంటూ వెళ్లిపోయింది. స్వెటర్లు, మఫ్లర్లు, శాలువాలు, తాతయ్యగారి మంకీ టోపీ అన్నీ ట్రంకుపెట్టెలోకి వెళ్లే వేళయింది. మూత వేసే ముందు ఒక్క నిమిషం ఆగండి. కొన్ని ప్రశ్నలున్నాయి. సిద్ధమేనా?

మీకు తెలుసా? ఉన్ని బట్టలకు చిల్లులు పెడుతుందని మనం తిట్టిపోసే చిమ్మెట, రెక్కలొచ్చాక ఒక్క ముద్ద కూడా తినదు! బీరువా తెరవగానే లేత బంగారు రంగులో అల్లల్లాడుతూ పోయే ఆ బుల్లి పురుగుకు తిండికి పనికొచ్చే నోరే లేదు. చప్పట్లు కొట్టి దాన్ని చంపేసి ‘పీడ విరగడైంది’ అనుకుంటున్నారా? అసలు దొంగ స్వెటర్ మడతలో కూర్చుని భోంచేస్తున్నాడు!

పైగా మీ కంటబడేలా ఎగిరేవి చాలావరకు మగ చిమ్మెటలే. ఆడవి వెలుతురంటే పారిపోయి చీకట్లో పాకుతుంటాయి. అంటే మీ చప్పట్లకు దొరికింది గుడ్లు పెట్టని శాల్తీ!

మరి తింటున్నది ఎవరు? చిమ్మెట పిల్ల! తల్లి మామూలుగా 40, 50 గుడ్లు పెడుతుంది. ఒక్కో గుడ్డు అర మిల్లీమీటరు. వాటిలోంచి తెల్లటి పురుగులు బయటపడి, కళ్లు తెరవకముందే వడ్డన అడుగుతాయి. యాభై మంది పిల్లలు, ఒకే స్వెటరు. పంపకాలు ఎలా ఉంటాయో ఊహించుకోండి!

మీకు తెలుసా? ఆ పిల్ల పురుగు అన్నీ అనుకూలిస్తే రెండు నెలల్లో పెద్దదవుతుంది. తిండీ వేడీ సరిపడా లేకపోతే రెండేళ్లు పురుగుగానే ఉండిపోగలదు! ‘పోయిన ఏడు పెట్టె తెరవనే లేదు, ఇంకేం బతికి ఉంటాయి’ అనుకుంటారేమో. రెండేళ్ల తర్వాత మూత తీసినా పలకరించడానికి ఎవరో ఒకరుంటారు!

ఉన్ని, మీ జుట్టు, మీ గోళ్లు, కోడి ఈక, గేదె కొమ్ము... వీటన్నిటిలో ఉన్నది ఒకే పదార్థం. పేరు కెరటిన్. గంధకపు బంధాలతో బిగిసిపోయిన ఈ గట్టి ప్రోటీన్‌ని అరిగించుకోగల జీవులు బహు తక్కువ. మన పొట్టవల్ల కాదు. కుక్కవల్లా కాదు. సెంటీమీటరైనా నిండా లేని పురుగు పొట్ట మాత్రం ఆ బంధాలను తెంచేస్తుంది. అబ్బో, ఏం జీర్ణశక్తి!

ఇక అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న. చిమ్మెట పిల్లకు బాగా ఇష్టమైన ఉన్ని ఏది? కొత్తదా, ఖరీదైనదా, మెత్తనిదా? ఏదీ కాదు. మురికిది! శుభ్రమైన ఉన్ని ఒక్కదానితో ఆ పురుగు సరిగా పెరగలేదు. దానికి లవణాలు కావాలి, బి విటమిన్లు కావాలి. అవి దొరికేది మన చెమట మరకలో, ఒలికిన కాఫీలో, పెళ్లి భోజనంలో చిందిన పులుసులో. చిల్లులు ఎక్కడ పడ్డాయో చూడండి: కాలరు దగ్గర, చంకల కింద, ఛాతీ మీద కూర పడ్డ చోట. పురుగు మెనూ రాసిచ్చింది మనమే!

అందుకే ‘ఒక్కసారే వేసుకున్నాను, ఉతకడమెందుకు’ అని మడతపెట్టేసిన శాలువాకే ముందు చిల్లు పడుతుంది. ఒక్క పూట వేసుకున్నా మెడ దగ్గర చెమట అంటుతుంది, అంటిన చెమట ఏడాదంతా అక్కడే ఉంటుంది. ఉతకండి, తప్పకుండా ఉతకండి. అది పురుగు విస్తరి ఎత్తేయడమే!

మీకు తెలుసా? దొంగ ఒక్కడే కాదు! తివాచీ పెంకుపురుగు అని ఇంకొకటుంది. పెద్దయ్యాక పువ్వుల మీద వాలి పుప్పొడి తింటూ అమాయకంగా తిరుగుతుంది. దాని పిల్ల మాత్రం ఒళ్లంతా నూగుతో ఇంట్లో దూరి మీ శాలువా తింటుంది. తల్లి పూలతోటలో, పిల్ల మీ బీరువాలో. ఏం సంసారం!

ఒక శుభవార్త కూడా. చలికాలం రాగానే మన ఊళ్లలో రోడ్డు పక్క గుట్టలుగా పోసి అమ్మే చౌక స్వెటర్లలో చాలావాటికి చిమ్మెట భయమే లేదు. ఎందుకంటే వాటిలో ఉన్ని లేదు! అది యాక్రిలిక్, పెట్రోలియం నుంచి వచ్చిన దారం. పురుగుకు అది అరగదు. మీ స్వెటర్ ఏ జాతిదో తేల్చుకోవాలా? లోపలి కుట్టు నుంచి ఒక్క పోగు తీసి అంటించండి. జుట్టు కాలిన కంపు కొట్టి, బూడిద వేళ్ల మధ్య పొడైతే ఉన్ని. కరిగి గట్టి పూసలా బిగుసుకుంటే యాక్రిలిక్. అగ్నిపరీక్షలో అబద్ధం నిలవదు!

అన్నట్టు ఉన్నిని అంటించడం అంత తేలిక కాదు. కాటన్ 250 డిగ్రీల పైచిలుకు వేడికే అంటుకుంటుంది. ఉన్నికి 570 నుంచి 600 డిగ్రీలు కావాలి. అంటుకున్నా మంట తీసేయగానే దానంతటదే ఆరిపోతుంది. నిప్పుకి లొంగని వీరుడు పురుగుకి లొంగిపోతాడు!

ఇప్పుడు ఉతుకుడు ప్రశ్నలు. ఉన్నికి వేడినీళ్లు మంచివా, చన్నీళ్లు మంచివా? చన్నీళ్లు, మహా అయితే గోరువెచ్చనివి. ఉన్నిపోగు చుట్టూ మన వెంట్రుకకు ఉన్నట్టే సన్నని పొలుసులుంటాయి. వేడినీళ్లలో వేసి మెషీన్‌లో గిరగిరా తిప్పితే ఆ పొలుసులు ఒకదాన్నొకటి పట్టుకుని మళ్లీ విడవవు. నాన్న స్వెటర్ లోపలికెళ్తుంది, బాబు స్వెటర్ బయటికొస్తుంది. వెనక్కి సాగదీసే మంత్రం ఏదీ లేదు!

కాని అదే పనిని కావాలని చేసి మంగోలియా సంచార జాతులవాళ్లు గుడారాలు కట్టుకున్నారు. ఉన్నిని తడిపి, తొక్కి, దొర్లించి దిట్టమైన దుప్పటంగా మార్చి, ఆ గుండ్రటి ఇళ్లకు గోడలూ కప్పూ అదే చేశారు. ఒకరింట్లో పాడైపోయిన స్వెటర్, ఇంకొకరికి ఇల్లు!

మీకు తెలుసా? తడిస్తే నూలుకు బలం పెరుగుతుంది, ఉన్నికి బలం తగ్గుతుంది! చొక్కాను పిండినట్టు స్వెటర్‌ని మెలిపెట్టి పిండకూడదు. రెండు చేతులా కింది నుంచి ఎత్తండి, తువ్వాలులో చుట్టి అదమండి. పసిపిల్లకు స్నానం చేయించిన మర్యాద అంతా దానికీ చేయాలి!

బట్టల మరకలు పోగొట్టే బ్లీచ్‌లో తెల్ల ఉన్ని వేస్తే ఏమవుతుంది? ఇంకా తెల్లబడుతుందా? కాదు, మాయమవుతుంది! హైపోక్లోరైట్ బ్లీచ్‌లో ఉన్ని కరిగిపోతుంది. బట్టలో ఉన్ని ఎంత, నూలు ఎంత అని తేల్చడానికి ప్రయోగశాలల్లో చేసే పరీక్షల్లో ఇదీ ఒకటి. ఉన్ని కరిగిపోయి నూలు మిగులుతుంది. మరక పోయింది సరే, స్వెటరేదీ?

ఇంకో గుట్టు. ‘రక్తం మరకైనా పోతుంది’ అని చెప్పుకునే డిటర్జెంట్లు చాలావాటిలో ప్రోటీన్‌ని కొరికే ఎంజైములు ఉంటాయి. ఉన్నీ ప్రోటీనే కదా! బకెట్‌లో చిమ్మెటను కలుపుకోవడమే ఇది. ఉన్నికోసమని ప్రత్యేకంగా అమ్మే లిక్విడ్ తెచ్చుకోండి.

లేదా పెరట్లోకి వెళ్లండి! కుంకుడుకాయలో నురగ పుట్టించే సాపొనిన్లు ఉంటాయి. సబ్బులా క్షారగుణం లేకుండానే అవి మురికి వదిలిస్తాయి. క్షారమంటే ఉన్నికి గిట్టదు. మన అమ్మమ్మలు తలకూ పట్టుచీరకూ శాలువాకూ ఒకే రసం వాడారంటే, మూడూ ప్రోటీనేనని వాళ్ల చేతులకు తెలుసు. శభాష్!

డ్రైక్లీనింగ్‌లో బట్ట తడుస్తుందా, తడవదా? నిలువునా తడుస్తుంది! నీళ్లతో కాదు, జిడ్డును కరిగించే ద్రావకంతో. ఈ విద్యకు దారితీసిన ‘పొడి శుభ్రత’ పద్ధతికి 1821లో అమెరికాలో పేటెంట్ తీసుకున్నవాడు థామస్ జెన్నింగ్స్. ఆ దేశంలో పేటెంట్ పొందిన తొలి నల్లజాతి పౌరుడు ఆయనే! విడ్డూరం ఇంకా ఉంది. 1836లో పేటెంట్ ఆఫీసు తగలబడి ఆయన కాగితాలన్నీ కాలిపోయాయి. ఆ పద్ధతి ఏమిటో నేటికీ ఎవరికీ తెలియదు!

ఆరేసేటప్పుడు మరో చిక్కు. ఉన్ని తన బరువులో దాదాపు 30 శాతం తేమను పీల్చుకుని కూడా చేతికి పొడిగానే తగులుతుంది! అర కిలో స్వెటర్‌లో 150 గ్రాముల నీళ్లు దాక్కుని ఉండొచ్చన్నమాట. ‘ఆరింది’ అనిపించాక ఇంకో పూట ఆరనివ్వండి. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వాళ్లైతే ఇంకో రోజు. ఆ తేమతో పెట్టె మూస్తే పురుగు వచ్చేలోపే బూజు వచ్చేస్తుంది!

నీడలో, చాప మీద, పరిచి ఆరేయండి. దండెం మీద వేలాడేస్తే ఆ 150 గ్రాములూ చేతులు పట్టుకుని కిందికి లాగుతాయి. హాంగర్ కూడా వద్దు, మడతే ముద్దు. హాంగర్‌కు ఏడాది వేలాడిన స్వెటర్ వేసుకుంటే భుజాల మీద రెండు కొమ్ములు మొలుస్తాయి!

ఇక కలరా ఉండల సంగతి. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుదాం, ఎందుకంటే ఇది పిల్లల ప్రాణానికి సంబంధించినది.

మీకు తెలుసా? పెట్టెలో వేసిన కలరా ఉండ కరగదు, ఎండదు. సరాసరి గాలైపోతుంది! నాఫ్తలీన్ ఘనపదార్థంగా ఉంటూనే మామూలు వేడికే ఆవిరవుతుంది. పురుగును చంపేది ఆ ఆవిరే. గాలి ఆడే బీరువాలో రెండు ఉండలు వేస్తే ఆవిరి బయటికి పోతుంది, పురుగు లోపల బతుకుతుంది. బిగుతుగా మూసిన పెట్టెలోనే దాని ప్రతాపం!

అందులో ఏముందో తేల్చి, 1826లో దాని ఫార్ములా చెప్పినవాడు ఎవరు? విద్యుత్తుతో అద్భుతాలు చేసిన మైకేల్ ఫారడే! మోటారుకు మూలపురుషుడూ ఆయనే, మన ట్రంకుపెట్టెకూ చుట్టమే!

ఐరోపా సమాఖ్య 2008లో నాఫ్తలీన్ ఉండల అమ్మకాన్ని నిషేధించింది. అమెరికాలో డబ్బా మీద రాసిన పద్ధతి తప్పి ఇంకోలా వాడితే చట్టవిరుద్ధం. న్యూజెర్సీలో ఉన్న మనవాళ్లు అలవాటు కొద్దీ వాష్‌బేసిన్‌లో ఓ ఉండ పడేస్తే ఫెడరల్ చట్టం మీరినట్టే!

ఇంత భయం ఎందుకు? తెల్లగా గుండ్రంగా ఉన్న ఉండను పసివాడు పిప్పరమెంటు అనుకుంటాడు. ఒక్కటి మింగినా ప్రమాదమే. ఇంకా ముఖ్యమైనది: జి6పిడి అనే ఎంజైము పుట్టుకతోనే తక్కువగా ఉన్న పిల్లలు మన దేశంలోనూ ఉన్నారు. నాఫ్తలీన్ తగిలితే వాళ్ల ఎర్ర రక్తకణాలు పగిలిపోతాయి, కామెర్లు ముదిరిపోతాయి. అందుకే, పెట్టెలోంచి అప్పుడే తీసిన శాలువాలో పసిబిడ్డను చుట్టకండి! వాసన పూర్తిగా పోయేదాకా ఉతికి, గాలికి ఆరేసి, అప్పుడు చుట్టండి. ఇంట్లో పసిపిల్లలుంటే అసలు ఆ ఉండలే వద్దు.

మార్కెట్లో ఇంకో రకం ఉండలున్నాయి, పారాడైక్లోరోబెంజీన్‌వి. అవీ ఇవీ కలిపి ఒకే పెట్టెలో వేస్తే? రెండూ కలిసి కరిగి నీళ్లై బట్టల మీద మరకలు చేస్తాయి. ఇద్దరు కాపలాదార్లు కలిసి ఇల్లు దోచిన కథ!

మరి వేపాకు? దేవదారు చెక్క? లావెండర్? వాసన ఉన్నంతకాలం చిమ్మెట తల్లిని కాస్త తటపటాయించేలా చేస్తాయేమో గాని, లోపల అప్పటికే ఉన్న గుడ్లను ఏమీ చేయలేవు. ముందు ఉతుకు, తర్వాత వేపాకు. అదీ బాగా ఎండిన ఆకే! పచ్చి ఆకు వేస్తే తేమను చేతులారా పిలిచినట్టే.

మీకు తెలుసా? పురుగు పట్టకుండా వేసిన ఆకు ఒక దేశపు ఫ్యాషన్‌నే మార్చేసింది! 19వ శతాబ్దంలో కాశ్మీరు శాలువాలు ఓడల్లో ఐరోపాకు వెళ్లేవి. దారిలో చిమ్మెట పట్టకుండా మడతల మధ్య పచౌలి ఆకులు పెట్టేవారు. శాలువాతోపాటు ఘాటైన ఆ పరిమళమూ దిగుమతి అయింది. కొన్నాళ్లకు అక్కడి దొరసానులు శాలువాను చూసి కాదు, వాసన చూసి అసలుదో నకిలీదో తేల్చడం మొదలెట్టారు. నకిలీలు నేసేవాళ్లు ఊరుకుంటారా? తమ శాలువాలకూ పచౌలి పట్టించారు! పురుగుల మందు కాస్తా పారిస్‌లో అత్తరైంది.

ఆ నకిలీలను తెగ నేసిన ఊళ్లలో ఒకటి స్కాట్లాండ్‌లోని పేస్లీ. అందుకే మన మామిడిపిందె బుటాను ఇవాళ ప్రపంచమంతా ‘పేస్లీ’ అంటోంది. పిందె మనది, పేరు వాళ్లది!

ఆ శాలువాల ఉన్ని ఎంత సన్నం? లద్దాఖ్‌లోని చాంగ్‌తాంగ్‌లో, నాలుగు వేల మీటర్లకు పైన, చాంగ్‌పా సంచారులు పెంచే మేకల అడుగు బొచ్చు అది. మందం 12 నుంచి 16 మైక్రాన్లు. మీ తల వెంట్రుకలో ఐదో వంతు! వేసవి మొదట్లో మేకే ఆ బొచ్చు వదిలేస్తుంది, వాళ్లు దువ్వెనతో దువ్వి తీసుకుంటారు. మేకకు కూడా తెలుసు, ఎండలొస్తే ఉన్ని తీసేయాలని!

అంతకంటే సన్ననిది షాతూష్. ఉంగరంలోంచి శాలువా మొత్తం దూరిపోతుంది. కాని ఇక్కడ ‘ఆహా’ అనకండి. దానికోసం టిబెట్ జింకలైన చిరూలను చంపేవారు, ఒక్క శాలువాకు మూడు నుంచి ఐదు! దాని అంతర్జాతీయ వ్యాపారం 1979 నుంచి నిషిద్ధం. మన చట్టం ప్రకారం అమ్మినా కొన్నా నేరమే. అలాంటి శాలువా ఏ బీరువాలోనూ ఉండకూడదు.

కలరా ఉండలు లేకుండా పురుగును చంపే మార్గం ఉందా? రెండున్నాయి, రెండూ మ్యూజియంల విద్యలే. ఒకటి చలి. శాలువాను పాలిథీన్ సంచిలో గాలి చొరకుండా మూసి, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచండి. తీశాక వెంటనే విప్పకండి. సంచి మామూలు వేడికి వచ్చాక విప్పితే బట్టకు చెమ్మ పట్టదు. చలికి కప్పుకునే శాలువాకే చలి వైద్యం!

రెండోది ఎండ. 55 డిగ్రీలు దాటితే గుడ్డు, పురుగు, చిమ్మెట ఏదీ మిగలదు. నల్లసంచిలో బట్ట మూసి మండుటెండలో పెడితే లోపల ఆ వేడి వస్తుంది, ఇది పురాతన వస్త్రాలను కాపాడేవాళ్లు నిజంగా వాడే పద్ధతే. రామగుండంలో, నంద్యాలలో మే నెల మిట్టమధ్యాహ్నం ఉన్నవాళ్లకు ఇంతకంటే చెప్పాలా? రోళ్లు పగిలే మన ఎండలకు ఒక్క ఉపయోగమైనా దొరికింది!

మీకు తెలుసా? బీరువాలో చిమ్మెటను చూసి భయపడేది మనమొక్కరమే కాదు. లండన్ సైన్స్ మ్యూజియం ఒక స్వెటర్‌ని దాచుకుంది. దాని ఉన్ని ఎవరిదంటారు? క్లోనింగ్‌తో పుట్టిన గొర్రె డాలీది! 1997లో దాని బొచ్చు కత్తిరించి అల్లించారు. ఆ స్వెటర్‌కి చిల్లు పడితే నకలు తీయించడం కుదరదు!

గొర్రెల రికార్డులు వినండి. న్యూజిలాండ్‌లో ష్రెక్ అనే గొర్రె కత్తెరకు దొరక్కుండా ఆరేళ్లు గుహల్లో దాక్కుంది. 2004లో దొరికింది. ఒంటిమీద 27 కిలోల ఉన్ని! ఇరవై మందికి సూట్లు కుట్టేంత. 2015లో ఆస్ట్రేలియాలో దొరికిన క్రిస్ దాన్ని మించిపోయింది: 41.1 కిలోలు, గిన్నిస్ రికార్డు! పాపం, అడుగు తీసి అడుగు వేయలేని బరువది.

గొర్రె ఒంటిమీది ఉన్ని మనిషి ఒంటిమీది కోటుగా మారడానికి ఎంతసేపు పడుతుంది? 1811 జూన్ 25న ఇంగ్లండ్‌లోని న్యూబరీలో వెయ్యి గినీల పందెం కట్టారు. తెల్లవారుజామున 5 గంటలకు రెండు గొర్రెల ఉన్ని కత్తిరించారు. వడికి, నేసి, రంగువేసి, కుట్టి, సాయంత్రం 6 గంటల 20 నిమిషాలకు సర్ జాన్ థ్రాక్‌మార్టన్‌కు కోటు తొడిగారు. 13 గంటల 20 నిమిషాలు! మన దర్జీ ‘రేపు రండి’ అనేలోపు అయిపోయింది. ఆ కోటు రెండొందల ఏళ్లు దాటినా భద్రంగా ఉంది. దాచడమంటే అదీ!

సరే, దేశంలో గొర్రెలు ఎక్కువ ఉన్న రాష్ట్రం ఏది? కాశ్మీరు? రాజస్థాన్? హిమాచల్? కాదు, కాదు, కాదు. తెలంగాణ! 2019 పశుగణనలో 1.91 కోట్లు. రెండో స్థానం? ఆంధ్రప్రదేశ్, 1.76 కోట్లు. దేశం మొత్తం 7.43 కోట్లు. అంటే భారతదేశపు గొర్రెల్లో దాదాపు సగం తెలుగు ‘మే’ అంటున్నాయి!

మరి మనకు ఉన్ని గుట్టలుగా రావాలి కదా? రాదు! నెల్లూరు జాతి గొర్రెకు ఉన్నే ఉండదు, మేకకు ఉన్నట్టు పొట్టి వెంట్రుకలే. ఎత్తులో మన దేశపు గొర్రెలన్నిటికీ అన్న, ఉన్నిలో సున్న!

ఉన్ని ఇచ్చేది దక్కనీ గొర్రె. నల్లటి, గరుకైన ఆ ఉన్నితో తెలంగాణ కురుమలు నేసేదే గొంగడి. ఆడవాళ్లు వడుకుతారు, మగవాళ్లు గుంట మగ్గం మీద నేస్తారు, దారానికి చింతగింజల గంజి పట్టిస్తారు. వానకు తడవదు, చలికి వణకదు. పడుకుంటే పక్క, లేస్తే కప్పు. ఎన్నేళ్లైనా మన్నే ఆ గొంగడి ముందు మిషన్ స్వెటర్లు నిలబడగలవా? దాన్ని నేసే చేతులు ఏటా తగ్గిపోతున్నాయి. దొరికితే ఒకటి కొనిపెట్టుకోండి, ఊరికే మాట వరసకు చెప్పడం లేదు!

మీకు తెలుసా? ఒకప్పుడు ఇంగ్లండ్‌లో చచ్చినా ఉన్ని తప్పేది కాదు! ఉన్ని వ్యాపారాన్ని బతికించడానికి 1666లో మొదలుపెట్టి చట్టాలు చేశారు: శవాన్ని ఉన్ని బట్టలోనే పూడ్చాలి, లేదంటే ఐదు పౌన్ల జరిమానా. ప్లేగుతో పోయినవాళ్లకు మినహాయింపు. 1814 దాకా రద్దు చేయనే లేదు. నేల కింది చిమ్మెటలకు ఎంత పండగో!

ఆఖరి ప్రశ్న. బ్రిటన్ ప్రభువుల సభలో అధ్యక్షస్థానం కుర్చీ కాదు, ఎర్రటి ఉన్ని మూట! దేశానికి సంపద తెచ్చింది ఉన్నేనని గుర్తుగా 14వ శతాబ్దం నుంచీ దానిమీదే కూర్చుంటున్నారు. 1938లో మరమ్మతుకని విప్పి చూశారు. లోపల ఏముంది? గుర్రపు వెంట్రుకలు! కంగారుగా మళ్లీ ఉన్ని నింపి కుట్టేశారు. చిమ్మెటకు మాత్రం ఏ బాధా లేదు. గుర్రపు వెంట్రుకా కెరటినే!